రైలు రాని ఊళ్లో రైలు పట్టా గంట

కొత్తగా ఉద్యోగంలో చేరిన డ్రిల్లు మాస్టర్లు, టీచరమ్మలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీలయ్యాక అసలు సంగతి బయటపెడతారు. "పిల్లలు మన మాట వినాలంటే ఏం చెయ్యాలి సార్?" అంటారు. సర్వీసులో చాలాకాలం దీనికి నా దగ్గర ఒక్కటే జవాబు. గొంతుండాలి నాయనా, గొంతు! అనేవాణ్ణి. ఇప్పుడు ఆ జవాబు చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే ఒక పిల్ల సంగతి చెప్పాలి, ఆ పిల్ల నాయనమ్మ సంగతి చెప్పాలి, ఒక ఇనప ముక్క సంగతి కూడా చెప్పాలి. తీరికుంటే కూర్చోండి. లేకపోయినా కూర్చోండి, నేను మొదలుపెట్టేశాను.

ముందు నా గొంతు గురించి. నర్సీపట్నంలో మా హైస్కూలు మైదానంలో నేను "అటెన్షన్!" అంటే, బస్సు కోసం రోడ్డు మీద నించున్న జనం కూడా సర్దుకుని నిటారుగా నించునేవారని మా లెక్కల మాస్టారు వెక్కిరించేవారు. నేనది పొగడ్తగానే తీసుకున్నాను. మెడలో విజిల్ ఉండేది గాని అది అలంకారానికే. మా ఆవిడకు మాత్రం ఈ గొంతంటే గిట్టదు. నేను ఫోన్లో మాట్లాడుతుంటే, "ఫోనెందుకండీ దండగ, కిటికీ తెరిస్తే చాలదూ" అనేది.

ఇక ఇనప ముక్క. మా బడిలో కరెంటు బెల్లు బిగించిన ఏడాదికే కాలిపోయింది. అటెండరు రిటైరైపోతే ఆ పోస్టు నింపనేలేదు. వరండా చివర గొలుసుకు వేలాడుతున్న పాత రైలు పట్టా ముక్కే మాకు గతి అయింది. చిత్రమేమిటంటే మా ఊరికి రైలు రాదు. మా ఊరి పేరు పెట్టుకున్న స్టేషను ఒకటుంది గాని అది ఎక్కడో దూరాన ఉంది. అక్కడ దిగినవాడు మళ్లీ ఇంకో బండెక్కి మా ఊరు వెతుక్కుంటూ రావాలి. అలాంటి ఊళ్లోకి ఈ పట్టా ముక్క ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు. దాన్ని సుత్తితో కొట్టే పని హెడ్మిస్ట్రెస్ గారు నాకప్పగించారు. "మీరెలాగూ క్లాసుల్లో ఉండరు కదండీ" అన్నారావిడ. వినడానికి కష్టంగా ఉన్నా నిజమే కదా, ఒప్పుకున్నాను. కానీ వాలీబాల్లో పడ్డానంటే నాకు గంటా గుర్తుండదు, పీరియడూ గుర్తుండదు. నేను మర్చిపోయిన రోజున లెక్కల మాస్టారు ఎంతో సంతోషించేవారు. ఆయన లెక్క ఏనాడూ పీరియడులో తెగేది కాదు.

ఆ జూన్‌లో ఆరో తరగతిలో ఒక పిల్ల చేరింది. రావికమతం వైపు చిన్న పల్లె. అక్కడి బడిలో పిల్లలందరూ కలిసినా ఒక్క చాప మీద పట్టేస్తారు. ఆ ఉన్నవాళ్లలో కూడా సగంమంది ఈ పిల్లకు పెదనాన్న పిల్లలో, మేనత్త పిల్లలో. అక్కణ్ణించి వచ్చి మా బడిలో పడింది. మా ప్రార్థన వరసలు చూస్తే పెద్దవాళ్లకే కళ్లు తిరుగుతాయి.

మా బడిలో ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలు ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి పేరేమిటో, ఊరేమిటో, పెద్దయ్యాక ఏమవుతారో చెప్పాలి. పిల్లల బెరుకు పోగొట్టడానికి ఈ ఆచారం పెట్టిన మేధావిని నేనే. ఒకడు పోలీసవుతానన్నాడు, ఒకమ్మాయి కలెక్టరవుతానంది, ఒకడు పెద్దయ్యాక ఆటో అవుతానన్నాడు. తర్వాత ఈ పిల్ల వంతు. నేను నా గొంతుతో పేరు పిలిచాను. పిల్ల తలొంచుకుంది. ఒక్క క్షణం నేలచూపులు చూసింది. తర్వాత వరసలు చీల్చుకుంటూ గేటు దాటి పారిపోయింది.

గేటు బయట వాళ్ల నాయనమ్మ కూర్చుని ఉంది. పిల్ల వెళ్లి ఆవిడ చెంగులో తల దూర్చేసింది. ముసలావిడ అనడానికి లేదు, గట్టి మనిషి. మనవరాలిని రెక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, నా చేతిలో మైకు తనే లాక్కుంది. పిల్ల పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఇంటిపేరు చెప్పింది, తాత పేరు చెప్పింది.

"ఎలాగూ మైకు దొరికింది గాబట్టి సెప్తన్నాను," అంటూ అందుకుంది. "మా ఊరి కల్వట్టు కొట్టుకుపోయి ఎన్నాళ్లయినాదో! ఇన్ని సదువులు సదువుకున్నోరు ఇక్కడున్నారు, ఒక్కరికైనా పట్టిందా అని!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మిస్ట్రెస్ గారు పరుగున వచ్చి మైకు తీసుకుని, "పెద్దయ్యాక మీ మనవరాలు ఏమవుతుందమ్మా?" అని మాట మార్చబోయారు.

"ఏటవుద్ది? ముందు మాటాడితే సూద్దారి" అంది నాయనమ్మ.

మర్నాటి నుంచి ఆవిడ మకాం గేటు దగ్గర నుంచి ఆరో తరగతి కిటికీ దగ్గరికి మారింది. ఆవిడ కనపడితేనే పిల్ల బెంచీ మీద కూర్చుంటుంది. లెక్కల మాస్టారే వాళ్లకు క్లాస్ టీచరు. హాజరు పిలిస్తే పిల్ల దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. కిటికీలోంచి, "ఉందండీ, ఇక్కడే ఉంది గుంట!" అని వినపడుతుంది. గుంట అంటే మావైపు ఆడపిల్ల. ఎక్కం అడిగితే, "దానికొచ్చండీ, సెప్పదంతే" అని వినపడుతుంది. మాస్టారు బోర్డు మీద రాస్తుంటే, "కొంచెం పక్కకి జరగండి బావూ, పిల్లకి అడ్డొస్తన్నారు" అని కూడా ఒకసారి వినపడింది. ఆయన స్టాఫ్ రూములో తల పట్టుకున్నారు.

"ఈ ఏడు నా క్లాసులో ఒక పిల్ల తక్కువండీ, కిటికీలో ఒక పిల్ల ఎక్కువ" అన్నారు.

నేను నాయనమ్మను కదిపి చూశాను. అసలు పిల్లకు మాటలొచ్చునా అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది.

"రాకపోడమేటి మాస్టారూ! ఇంటికాడ నోరు మూయదు. కోళ్లతోటి మాటాడతాది, దూడతోటి మాటాడతాది, నిద్దర్లోనూ మాటాడతాది. నలుగుర్ని సూసిందంటే సాలు, గొంతు కడుపులోకి దిగిపోద్ది."

తర్వాత గొంతు తగ్గించి అసలు బాధ చెప్పింది. వానలు గట్టిగా పడితే వరి ఊడుపులు మొదలవుతాయి. ఊడుపుల ముఠాకు ఆవిడే పెద్ద. ఆవిడ కదలకపోతే ముఠా కదలదు. పిల్ల తండ్రి లారీ మీద తిరుగుతుంటాడు, తల్లి జీడిపిక్కల మిల్లుకు పోతుంది. ఇక్కడ కిటికీ దగ్గర కాపలా కూర్చునే తీరిక ఇంకెవరికీ లేదు.

"మా కోడలంతంది, ఊడుపుల్నాటికి ఇది ఒంటిగా బడికి పోకపోతే మాన్పించెయ్యత్తా, మిల్లుకాడ నా పక్కన కూకుంటాది అని. దాని మాటా నిజమే. నానేటి సెయ్యను సెప్పండి?"

ఆ మాటతో నా నవ్వు ఎగిరిపోయింది. మిల్లులో కూర్చున్న పిల్ల మళ్లీ బడికి రావడం నా సర్వీసులో నేను చూడలేదు. హెడ్మిస్ట్రెస్ గారికి చెబితే ఆవిడ ముఖం కూడా మాడిపోయింది. వానలు వచ్చేలోగా ఈ పిల్ల చేత మాట్లాడించి తీరాలని స్టాఫ్ అంతా కంకణం కట్టుకున్నాం. ఆ పిల్ల కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

హెడ్మిస్ట్రెస్ గారు బడిలోకెల్లా వాగుడుకాయలైన ఇద్దరమ్మాయిల్ని ఏరి, పిల్లకు అటొకరినీ ఇటొకరినీ కూర్చోబెట్టారు. వాళ్లు ఈ పిల్ల మాటలు కూడా తామే మాట్లాడటం మొదలెట్టారు. "టీచర్, దీనికి నీళ్లు కావాలంట" అని ఒకతి, "కాదు టీచర్, దీనికి నిద్దరొస్తందంట" అని ఇంకొకతి. చివరికి దీనికేం కావాలన్న దాని మీద వాళ్లిద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. మధ్యలో ఉన్న పిల్ల బెంచీ కిందికి దిగిపోయింది. లెక్కల మాస్టారు నవ్విస్తే భయం పోతుందని రోజుకో జోకు చెప్పారు. ఆ పిల్లే కాదు, క్లాసులో ఇంకెవరూ నవ్వలేదు. నేను నా పద్ధతిలో ధైర్యం చెప్పాను. దగ్గరికి పిలిచి, "భయపడకు!" అని అరిచాను. భయపడింది.

చివరికి మధ్యాహ్న భోజనం వండే ఆవిడ రంగంలోకి దిగింది. "ఈ గుంటకి సిన్నప్పుడు వస పోసుండరండి" అని తేల్చేసింది. మీలో పట్నాల్లో పుట్టినవాళ్లకు తెలీకపోవచ్చు. పసిపిల్లలకు మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాయడం మా పెద్దవాళ్ల అలవాటు. ఈ మాట కిటికీ దాకా పాకింది. నాయనమ్మ కొంగు బిగించి వంటగదికి వచ్చింది.

"పొయ్యలేదని నువ్వు సూసేవేటే? మా ఇంట్లో అందరికీ పోసేం!"

"పోస్తే ఇలగెందుకున్నాది? సాల్లేదేమో!"

ఆ తగువులో సాంబారు మాడింది. అయినా వంటావిడ పట్టు వదల్లేదు. కొండమీంచి సంతకు వచ్చినవాళ్ల దగ్గర వసకొమ్ము కొనుక్కొచ్చి, అరగదీసి తేనెలో రంగరించి పట్టుకొచ్చింది. పిల్ల పళ్లు బిగించేసింది. పిల్లలకు ఏదైనా మనం చేసి చూపించాలి కదా. "ఇదిగో చూడు, నేను తింటున్నాను" అంటూ, అరగదీసింది కాకుండా ఏకంగా ఓ కొమ్ము ముక్కే నోట్లో వేసుకుని నమిలాను.

తర్వాత జరిగింది వివరంగా చెప్పను. కుళాయి దగ్గర చాలాసేపు ఉన్నానని మాత్రం చెబుతాను. నాలుక మొద్దుబారింది. దగ్గీ, కక్కీ, గొంతంతా పచ్చిపుండైంది. మర్నాడు లేచేసరికి మాట లేదు. గుసగుస కూడా రాలేదు. మాటలు రావడానికి తిన్న మందుతో ఉన్న మాట పోయినవాడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయుంటాను. మా ఆవిడ మిరియాల పాలు కాచి ఇస్తూ, "తొందరేం లేదండీ, నెమ్మదిగానే తగ్గనివ్వండి" అంది.

గొంతు లేకుండానే బడికి వెళ్లాను. మాస్టారికి గొంతు పోయిందన్న వార్త నాకంటే ముందే బడికి చేరింది. పిల్లలకు పండగైంది. విజిల్ ఊదబోతే ఇన్నాళ్లూ వాడక అందులో గోళీ ఇరుక్కుపోయింది. ఆరో తరగతి డ్రిల్లు పీరియడులో చేతులు పైకెత్తాను, పక్కకు చాచాను, దించాను. మగపిల్లలు నన్ను పట్టించుకోకుండా కోతికొమ్మచ్చి ఆడుకుంటున్నారు. ఆడపిల్లలు నవ్వుకుంటున్నారు. ఆఖరి వరసలో ఒక్క పిల్ల మాత్రం నా చేతులెలా కదిలితే తన చేతులూ అలా కదుపుతోంది. తప్పు పోకుండా, దీక్షగా. అదే పిల్ల! చేరినప్పటి నుంచి నేలచూపులు తప్ప ఎరగనిది, మొదటిసారి నా ముఖంలోకి చూస్తోంది. అరవకపోతే నా ముఖం మరీ అంత భయంకరంగా ఉండదన్నమాట.

పీరియడ్ అయిపోయింది. నేను ఒక చేత్తో వాలీబాల్ నెట్టు పట్టుకుని ఉన్నాను. ఎవరైనా వెళ్లి గంట కొట్టండర్రా అని చెప్పడానికి, రెండో చెయ్యి పిడికిలి బిగించి గాల్లో కొట్టినట్టు చూపించాను. కొడతానంటున్నాను కాబోలనుకుని అందరూ పారిపోయారు. ఆ పిల్ల కదల్లేదు. నా పిడికిలి చూసింది, వరండా వైపు చూసింది. వెళ్లి సుత్తి తీసుకుంది. ఒక్కసారి కొట్టింది, భయంభయంగా. అంతే, క్లాసులన్నీ బిలబిలమని బయటకొచ్చాయి. పిల్ల అదిరిపడింది. సుత్తి వంకా జనం వంకా మార్చి మార్చి చూసింది. అంత బడీ తను చెయ్యెత్తితే లేచి వచ్చేసింది. అందులో ఒక్కరు కూడా తనవంక చూడలేదు. గంట విన్నవాడికి నీళ్ల కుళాయి గుర్తొస్తుంది గాని కొట్టినవాళ్ల ముఖం ఎవరికి కావాలి? ఆ సంగతి ఆ పిల్లకు క్షణంలో అర్థమైంది. నాకు అర్థం కావడానికి ఇంకొంచెం పట్టింది. పిల్ల మళ్లీ సుత్తి ఎత్తింది. ఈసారి కొట్టిన దెబ్బ నేను నా జన్మలో కొట్టలేదు.

మైదానం పక్కన నాయనమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని నించుండిపోయింది. "అయిబాబోయ్, మా గుంటే!" అంది.

కొన్నాళ్లకు నా గొంతు వచ్చింది గాని గంట మాత్రం నేను తిరిగి తీసుకోలేదు. ఆఫీసు గడియారం కనపడే చోట పిల్లకు సీటు మార్పించాను. టైమవగానే లేస్తుంది, వెళ్తుంది, కొడుతుంది, వచ్చి కూర్చుంటుంది. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఆ రోజు నుంచి మా బడిలో గంట మీద నమ్మకం ఏర్పడింది. లెక్కల మాస్టారికి మాత్రం తన లెక్క తేలుతుందన్న నమ్మకం పోయింది. లెక్క సగంలో ఉండగా కళ్లముందే పిల్ల లేచి వెళ్తుంటే, "ఒక్క నిమిషం తల్లీ, ఇదొక్కటీ తేల్చేస్తాను" అని బతిమాలేవారు. పిల్ల తల అడ్డంగా ఊపేది. ఆ తల ఊపుడుతో క్లాసు మొత్తం దానికి అభిమానులైపోయారు. కొంచెం ముందు కొట్టవే అని చింతకాయలు, జీడిపప్పు, తమ భోజనంలోని గుడ్డు కూడా లంచంగా తెచ్చిచ్చేవాళ్లు. పిల్ల గుడ్డు తీసుకునేది కాదు, ముందూ కొట్టేది కాదు. నోటితో ఒక్క మాటా లేదు గాని, దాని చుట్టూ ఎప్పుడూ నలుగురు చేరేవాళ్లు.

ఈలోగా నేనూ నాయనమ్మా ఒక కుట్ర పన్నాం. ఆవిణ్ణి రోజూ కొంచెం కొంచెం దూరం జరిపాను. కిటికీ నుంచి మెట్లకు, మెట్ల నుంచి గేటుకు, గేటు నుంచి రోడ్డవతల టీ బడ్డీకి. అక్కడ కూర్చుని ఆవిడ వచ్చేపోయే ప్రతివాడికీ కల్వర్టు కథ చెప్పేది.

వానలు పట్టాయి. ఒక సాయంత్రం నాయనమ్మ వచ్చి, "రేపట్నుంచి నాను రాను మాస్టారూ. ముఠా దిగుతంది. ఇది రేపు ఏడిసి ఇంటికొచ్చేసిందా, ఇంకంతే, కోడలు మాన్పించెత్తాది" అంది. పిల్ల పక్కనే ఉంది. వింటూ ఆవిడ చెంగు వేలికి చుట్టుకుంటోంది. అదే సాయంత్రం ఇంకో కబురొచ్చింది. మర్నాడు పెద్దాఫీసరు గారు బడి చూడ్డానికి వస్తున్నారు, పిల్లలనుద్దేశించి ప్రసంగిస్తారు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నించున్నాను. బడి పిల్లల ఆటో వచ్చి ఆగింది. అందరూ దిగారు. పిల్ల మాత్రం ఆటో కమ్మీ పట్టుకుని లోపలే ఉండిపోయింది. చూపు టీ బడ్డీ మీద ఉంది. అక్కడ నాయనమ్మ కూర్చునే బల్ల ఖాళీగా ఉంది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆటో అతను, "బేగి దిగమ్మా, ఇంకో ట్రిప్పుంది" అంటున్నాడు. నాకు కేకేద్దామని గొంతుదాకా వచ్చింది, మింగేశాను. పిడికిలి బిగించి, గాల్లో గంట కొట్టి చూపించాను. పిల్ల కాసేపు చూసింది. ముక్కు తుడుచుకుని, దిగి, నావైపైనా చూడకుండా తిన్నగా సుత్తి దగ్గరికి పోయింది.

హెడ్మిస్ట్రెస్ గారు ఉదయమే నాకు గట్టిగా చెప్పారు. "మాస్టారూ, ఆయన ప్రసంగం పూర్తయ్యాకే లంచి బెల్లు. ఆ పిల్లకి చెప్పడం మర్చిపోకండి." "అలాగేనండి" అన్నాను. తర్వాత షామియానా తాడు తెగింది, ఆఫీసరు గారి కుర్చీకి ఒక చెయ్యి ఊగుతోంది, మైకు కూతలు పెడుతోంది. ఇవన్నీ చక్కబెట్టాను. ఆ ఒక్కటీ మర్చిపోయాను.

ఆఫీసరు గారు ప్రసంగానికి ఎంచుకున్న విషయం సమయపాలన. గొప్పవాళ్లందరూ సమయాన్ని ఎలా గౌరవించారో చెబుతూ ఆయన చాలాసేపు గౌరవించారు. వంటగది నుంచి పులిహోర వాసన వస్తోంది. పిల్లల తలలన్నీ అటే తిరిగాయి. అప్పుడు వరస చివర కూర్చున్న పిల్ల లేచి నించుంది.

హెడ్మిస్ట్రెస్ గారి మాట నాకప్పుడు గుర్తొచ్చింది. ఒక్క కేక వేస్తే ఆగిపోతుంది. కానీ ఆ కేక వింటే పిల్ల గేటు దాటి పరిగెడుతుందని నాకు తెలుసు. గేటు బయట ఇవాళ చెంగు లేదు. కేక వేయకుండా, వద్దు వద్దు అని రెండు చేతులూ గాల్లో గట్టిగా ఆడించాను. మా ఇద్దరి మధ్యా ఉన్నది గంట కొట్టమనే ఆ ఒక్క సైగ. రెండు చేతులతో ఆడిస్తున్నానంటే ఇంకా గట్టిగా కొట్టమంటున్నానని అనుకుంది. సంతోషంగా తలూపి, వెళ్లి, ఖంగుమనిపించింది.

"సమయం ఎవరి కోసమూ..." అంటున్నారు ఆఫీసరు గారు. వాక్యం పూర్తి కాలేదు. మైదానం ఖాళీ అయిపోయింది. పిల్లలు కంచాల కోసం పరుగెడుతుంటే షామియానా ఇంకోసారి ఒరిగింది. అలవాటు కొద్దీ లెక్కల మాస్టారు కూడా లేచి సగం దూరం వెళ్లి, గుర్తొచ్చి, వెనక్కి వచ్చారు. ఆఫీసరు గారు, ఆయన మెడలో దండ, హెడ్మిస్ట్రెస్ గారు, లెక్కల మాస్టారు, నేను మిగిలాం.

"ఎవరు కొట్టారు గంట?" అన్నారాయన మైకులోనే. కంచాలు పట్టుకున్న పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అందరి చూపులూ మొదటిసారి వరండా చివరికి తిరిగాయి. సుత్తి పట్టుకుని పిల్ల నించుని ఉంది. ముఖంలో నెత్తుటిచుక్క లేదు. అయిపోయింది, ఇక ఈ పిల్ల బడి ముఖం చూడదు అనుకున్నాను. గబగబా ముందుకెళ్లి చేతులు కట్టుకున్నాను.

"నేనే కొట్టానండి. నాదే పొరపాటండి."

వెనక నుంచి సన్నటి గొంతు ఒకటి వచ్చింది.

"కాదండి."

తిరిగి చూశాను. పిల్ల సుత్తితో సహా మెట్లు దిగి వస్తోంది. ముఖంలో భయం ఉంది గాని దానికి మించిన రోషం ఉంది. నావంక చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు. దాని గంట నేను ఎత్తుకుపోతున్నట్టు చూసింది. తిన్నగా ఆఫీసరు గారి ముందుకొచ్చి నించుంది.

"ఈ మాస్టారు కాదండి. నానే కొట్టేనండి. టైమైపోనాదండి."

ఆఫీసరు గారి చేతిలో మైకు ఉంది కాబట్టి ఆ మాటలు బడంతటికీ వినపడ్డాయి. హెడ్మిస్ట్రెస్ గారు కళ్లు మూసుకున్నారు. లెక్కల మాస్టారి నోరు తెరుచుకుంది. ఆఫీసరు గారు కిందికి వంగారు.

"నేనింకా రెండు ముక్కలు చెప్పాలమ్మా. చెప్పనా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఊపి ఊరుకుంటే సరిపోదనుకుందేమో, కారణం కూడా చెప్పింది.

"అన్నం సల్లారిపోద్దండి."

మొదట నవ్వింది వంటావిడ. తర్వాత ఆఫీసరు గారే పగలబడి నవ్వారు. ఇంకేముంది, బడంతా నవ్వింది. అదేం ఎగతాళి నవ్వు కాదని పిల్లకు కూడా తెలిసింది. ఆఫీసరు గారు దండ తీసి కుర్చీకి తగిలించి, పిల్లలతో పాటు వరసలో నించుని పులిహోర తిన్నారు. మిగిలిన రెండు ముక్కలూ ఏమిటో మాకు నేటికీ తెలీదు. వంటావిడ మాత్రం, "సూసేరా, వస ఇన్నాళ్లకి పని సేసింది!" అని అందరికీ చెప్పుకుంది. పిల్ల వస ముట్టనేలేదని ఎంత చెప్పినా వినదు.

సాయంత్రం బడి వదిలే వేళకు నాయనమ్మ పరుగున వచ్చింది. మోకాళ్ల దాకా బురద, నెత్తిన తడి గోనె. మడిలోంచి తిన్నగా వచ్చేసినట్టుంది. రొప్పుతూ, "ఏడిసిందా మాస్టారూ?" అంది. నేను జవాబు చెప్పబోయేలోగా పిల్ల వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆటో దాకా నడుస్తూ జరిగిందంతా చెప్పుకుపోయింది. ఆఫీసరు, మైకు, మాస్టారు అబద్ధమాడడం, పులిహోర, ఒక్కటీ వదల్లేదు. ఆటో కదిలి మలుపు తిరిగేదాకా ఆ గొంతు నాకు వినపడుతూనే ఉంది. సర్వీసులో అంత సంతోషం నాకు ఏ కప్పు గెలిచినప్పుడూ కలగలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల ఉపన్యాసాలు దంచేస్తోందనుకునేరు. లేదు. నలుగురిలో ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది. కానీ హాజరు తనే పలుకుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. ఊడుపులయ్యాక నాయనమ్మ ఒకరోజు అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికొస్తే, "నువ్వెందుకొచ్చేవే, ఇంటికెల్లు" అని పంపించేసింది. కొత్త ఆరో తరగతి పిల్లల్ని మైకు ముందు నిలబెట్టే ఆచారం నేనే ఎత్తేశాను. దాని బదులు చేరిన మొదటి వారంలో ఒక్కొక్కరికీ ఒక్కో గంట కొట్టే అవకాశం. ఎలా కొట్టాలో నేర్పేది ఈ పిల్లే. కొత్త కరెంటు బెల్లు వచ్చింది గాని కరెంటు పోయినప్పుడల్లా దాని నోరు పడిపోయేది. అందుకని పట్టా ముక్క అలాగే ఉండిపోయింది.

నేను రిటైరయ్యేనాటికి ఆ పిల్ల పదో తరగతి. వీడ్కోలు సభ భోజనానికి ముందు పెట్టారు. నాకు చెప్పాల్సింది చాలా ఉంది. సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి ముందే పిల్లను పక్కకు పిలిచాను.

"ఇవాళొక్కరోజూ కొంచెం ఆలస్యంగా కొట్టవే తల్లీ. రిటైరైపోతున్నాను కదా."

తల అడ్డంగా ఊపింది.

సభలో అందరూ నా గొంతు గురించే మాట్లాడారు. నా వంతు చివర వచ్చింది. చిన్నప్పటి సంగతులతో మొదలుపెట్టి, ఉద్యోగంలో చేరిన రోజుదాకా వచ్చానో లేదో, గంట ఖంగుమంది. మైదానం ఖాళీ. లెక్కల మాస్టారు ఈసారి వెనక్కి కూడా రాలేదు. నేను మైకు పట్టుకుని ఒంటరిగా మిగిలాను. నవ్వొచ్చింది, కొంచెం కష్టంగానూ అనిపించింది. అబద్ధమెందుకు.

పిల్ల సుత్తిని దాని చోట పెట్టి, పావడా సర్దుకుని, నా దగ్గరకు వచ్చి నించుంది.

"పదండి మాస్టారూ, అన్నం సల్లారిపోద్ది. మిగిలింది తింటూ నాకు సెప్పండి. నానింటాను."

సరేనందామని నోరు తెరిచాను. మాట రాలేదు. ఈసారి వస తినలేదు కూడాను.